బుదవ్వ గులకరాళ్లు

ఊఁ కొడతామంటేనే చెబుతాను. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే నా కథ సగంలోనే కునుకు తీస్తుంది. కొడతారు కదా? అయితే వినండి.

ఎప్పటి ముచ్చటో నన్నడగకండి. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పారో ఆమెకే గుర్తులేదు. ఆ కాలంలో రెండు గుట్టల నడుమ ఒక ఊరుండేది. ఊరి పక్కన ఒక కుంట ఉండేది. మరీ పెద్దదేం కాదు. ఈ గట్టు మీద ఎవరైనా తుమ్మితే ఆ గట్టు మీదివాళ్లు చిరంజీవ అనేవాళ్లు. దాంట్లోకి వచ్చి కలిసే వాగు లేదు, ఏరు లేదు. గుట్టల మీద పడ్డ వాన జారివచ్చి అక్కడ నిలిచేది, అంతే.

కుంట చిన్నదే కానీ చేపలు మాత్రం మెండు. కొర్రమట్టలు, జెల్లలు, పరకలు. ఆ ఊరివాళ్ల ఆటా పాటా అంతా దాని చుట్టూనే. పిల్లలు ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని ఈత నేర్చేవాళ్లు. ఆడవాళ్లు బట్టలు ఉతికి, ఉతికినవి ఆరేదాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. మగాళ్లు గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లు. పెళ్లాం వచ్చి "కట్టెలెవరు కొడతరు?" అనడిగితే "ష్, చేప బెదురుతది" అనేవాళ్లు. పని తప్పించుకోవడానికి అంతకన్నా మంచి సాకు ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద సంబరం కుంట దిగే రోజు. ఎండాకాలం చివర నీళ్లు మోకాళ్ల దాకా తగ్గేవి. అప్పుడు డప్పు మోగేది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ ఊతలు పట్టుకుని ఒక్కసారిగా నీళ్లలోకి దిగేవాళ్లు. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత మూతి. చేప కదిలిన చోట దాన్ని బురదలోకి గుచ్చి, మూతిలోంచి చెయ్యి పెట్టి తడిమి పట్టుకోవాలి. ఎవరికి అన్నిటికన్నా పెద్ద చేప దొరికితే వాళ్లను భుజాల మీద ఎక్కించుకుని కుంట చుట్టూ తిప్పేవాళ్లు.

చేపలు అయిపోతాయన్న భయం ఎవరికీ లేదు. ఎందుకంటే చేపలు వానతోపాటు ఆకాశం నుంచి పడతాయని ఆ ఊరి నమ్మకం. తొలకరి పడ్డ మర్నాడు, నిన్నటిదాకా ఎండిపోయి ఉన్న గుంటలో కూడా చేపపిల్లలు తిరిగేవి. మరి అవి ఎక్కడినుంచి వచ్చినట్టు? దేవుడు పోస్తున్నాడు, మనం పట్టుకుంటున్నాం అనుకునేవాళ్లు. మీరు నవ్వుతున్నారు కానీ, మీరున్నా అదే అనుకునేవాళ్లు.

ఆ ఊతలన్నీ అల్లేది ఒక్కతే మనిషి. ఆమె పేరు బుదవ్వ.

బుదవ్వ వాళ్లు మేదరివాళ్లు. ఇల్లు ఊరి చివర. గంపలు అల్లేది, చాటలు అల్లేది, ఊతలు అల్లేది. పెళ్లికి గంపలు కావాలంటే ఊరికి బుదవ్వ గుర్తొచ్చేది. పెళ్లికి పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం గుర్తొచ్చేది కాదు. ఆమె దానికి అలవాటు పడిపోయింది. పిల్లల్లేరు. ఉన్నది ఒక్క మొగుడు. అతని పేరు ఓదెలు.

ఓదెలు ఒకప్పుడు గుట్ట మీదికి పోయి వెదురు కొట్టుకొచ్చేవాడు. ఒక ఏడు ఊళ్లో అమ్మవారు పోసింది. అతని ప్రాణం వదిలిపెట్టి రెండు కళ్లూ తీసుకుపోయింది. ఆనాటి నుంచి గుట్ట ఎక్కేది బుదవ్వ, అల్లేది బుదవ్వ, అమ్మేది బుదవ్వ. ఓదెలు ఇంట్లో కూర్చుని తడుముకుంటూ బద్దలు చీల్చేవాడు. పొద్దంతా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

పొద్దు వాలగానే మాత్రం మనిషి మారిపోయేవాడు. బుదవ్వ చెయ్యి పట్టుకుని కుంట గట్టుకు తీసుకుపోయేది. అక్కడ ఒక నున్నటి బండ మీద కూర్చోబెట్టేది. చల్లబడే వేళకు చేపలు ఎగరడం మొదలుపెట్టేవి. ఓదెలు చెవి అటు పెట్టి వినేవాడు.

"ఛట్ అన్నది ఇన్నవా, బుదీ? తోకతోని చెంప మీద కొట్టినట్టు పడ్డది. అది కొర్రమట్ట."

"ఇన్న."

"ఇగో, ఇది జెల్ల. బరువుగ పడ్డది. ఇన్నవా?"

"ఇన్న."

"అవి పరకలే. చింతగింజలు చల్లినట్టు చప్పుడు. ఇన్నవా?"

"ఇన్న. మొత్తం ఇన్న."

ఈతకొచ్చిన పిల్లలు చుట్టూ చేరి అతన్ని పరీక్ష పెట్టేవాళ్లు. అతను ఒక్కసారీ తప్పు చెప్పేవాడు కాదు. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. ఓదెలు నవ్వేవాడు. కళ్లు పోయిన మనిషి నవ్వేది రోజు మొత్తం మీద ఆ కాసేపే. బుదవ్వకు కూడా బతుకులో ఇష్టమైనది ఆ కాసేపే. వేళ్లు కోసుకుంటూ పొద్దంతా అల్లేది ఆ వేళ ఎప్పుడవుతుందా అనే.

ఇప్పుడు ఊత సంగతి చెప్పాలి. బుదవ్వ ఊతకు పుల్లకూ పుల్లకూ నడుమ మూడు వేళ్ల సందు వదిలేది. ఎందుకూ అంటే ఆమెకు తెలియదు. అత్త అట్లా నేర్పింది, ఆమె అట్లా అల్లింది. పెద్ద చేప లోపల ఆగేది. పిల్లచేప సందులోంచి తప్పుకునేది.

ఆ ఊళ్లో సమ్మయ్య అని ఒక పడుచువాడు ఉండేవాడు. మంచి బలశాలి. కుంట దిగిన ప్రతిసారీ భుజాల మీద ఊరేగేది అతనే. ఒక ఎండాకాలం అతను బుదవ్వ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అత్తా, నీ ఊతలల్ల సందులు బాగ పెద్దగున్నయి. చిన్నయన్ని జారిపోతున్నయి. జర దగ్గర అల్లరాదూ?"

తనను అత్తా అని ఎవరైనా పిలవడం ఎరుగదు బుదవ్వ. ఏమే మేదరిదానా అనే పిలిచేవాళ్లు. ఆ ఒక్క పిలుపుకు ఆమె మనసు కరిగిపోయింది. రెండు వేళ్ల సందుతో అల్లింది.

ఓదెలు కొత్త ఊతను తడిమి చూశాడు. "ఇదేందే బుదీ, ఒక వేలు తగ్గింది?" అన్నాడు.

"అందరు అడుగుతున్నరయ్యా" అంది.

ఆ ఏడు గంపలు నిండాయి. ఊరంతా చేపల కూర వాసన. మొట్టమొదటిసారి ఊరివాళ్లు బుదవ్వను గట్టు మీదికి పిలిచి ఆమె ఊతకు పసుపూ కుంకుమా పెట్టారు. ఆమె ఇంటికి వచ్చి ఆ సంగతి ఓదెలుకు రెండుసార్లు చెప్పింది.

రెండో ఏడు సమ్మయ్య మళ్లీ వచ్చాడు. "అత్తా, ఇంక జర దగ్గర." బుదవ్వ ఒక్క వేలు సందుతో అల్లింది. ఓదెలు తడిమి చూశాడు. "బుదీ, ఇంకో వేలు తగ్గింది."

"అందరు అడుగుతున్నరయ్యా."

ఆ ఏడు పెద్దవి తక్కువ పడ్డాయి, చిన్నవి ఎక్కువ పడ్డాయి. అయితే ఏం, వేయించుకుంటే చిన్నవే రుచి అన్నారు. బుదవ్వకు కొత్త రవిక పెట్టారు.

మూడో ఏడు సమ్మయ్య ఒక్కడే కాదు, సగం ఊరు వచ్చింది. "అత్తా, ఏదీ తప్పించుకోవద్దు. గోరు గూడ దూరనియ్యకు." బుదవ్వ అట్లాగే అల్లింది. ఓదెలు తడిమాడు. చుట్టూ తడిమాడు. సందు దొరకలేదు.

"ఇది ఊత కాదే, గంప. ఇందులకెల్లి ఏం బయటికి పోతది?"

"అందరు అడుగుతున్నరయ్యా" అంది బుదవ్వ. ఈసారి ఆ మాట కాస్త మెల్లగా అంది.

ఆ ఏడు గింజంత చేప కూడా మిగలకుండా ఊడ్చుకుపోయారు. కూరకు పనికిరానివి గట్టు మీద పారబోస్తే కాకులు తిన్నాయి. పర్వాలేదు, వానొస్తే దేవుడు మళ్లీ పోస్తాడు అన్నారు.

వాన వచ్చింది. బాగా వచ్చింది. కుంట నిండింది. పిల్లలు సొరబుర్రలతో దూకారు, మగాళ్లు గాలాలు వేశారు. ఎర వేసింది వేసినట్టే పైకొచ్చింది. ఆ ఏడు దేవుడు నీళ్లు మాత్రమే పోశాడు. కొన్నాళ్లకు గాలాలవాళ్లు రావడం మానేశారు. కొంగలు ఇంకో చోటు చూసుకున్నాయి. పిల్లలకు కూడా కాళ్లకు చేపలు తగలని నీళ్లలో ఆడబుద్ధి కాలేదు. కుంట నిండుగా ఉంది, గట్టు మీద మాత్రం మనిషి లేడు.

ఇద్దరే వచ్చేవాళ్లు. బుదవ్వా, ఓదెలూ.

ఓదెలు బండ మీద కూర్చుని చెవి అటు పెట్టేవాడు. చప్పుడు లేదు. మరునాడూ లేదు. ఆ మరునాడూ లేదు. ఊరివాళ్లు చేపల్లేవని అతనికి చెప్పలేదు. గుడ్డివాడికి ఎందుకులే అనుకున్నారు. చెప్పాల్సిన బుదవ్వకు నోరు పెగల్లేదు. ఏమని చెబుతుంది? నా చేత్తోనే నీ కాసింత సంతోషాన్ని ఊడ్చేశానని చెబుతుందా?

ఒకరోజు గట్టు మీద ఓదెలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బుదీ, నా చెవి దగ్గర చప్పట్లు కొట్టు."

"ఎందుకయ్యా?"

"కొట్టు."

కొట్టింది. 

"ఇనబడుతున్నది. గానీ కుంట ఇనబడతలేదే. దూరపు చప్పుడు పోతున్నట్టున్నది. కండ్లు పోయినప్పుడు నేనేమన్ననా? ఏమనలే. చెవులు గూడ పోతే నేనెట్ల బతకాలె, బుదీ?"

అమ్మవారు పోసినప్పుడు కూడా అతను అట్లా అడగలేదు. బుదవ్వకు గుండె నీరైపోయింది. ఏం చేయాలో తోచలేదు. కాళ్ల దగ్గర గులకరాయి ఒకటి కనబడింది. చప్పుడు కాకుండా వంగి తీసింది. దూరంగా నీళ్లలోకి విసిరింది.

బుడుంగ్.

ఓదెలు తల ఎత్తాడు.

"ఇన్నవా?" అంది బుదవ్వ.

కొంచెంసేపు ఆగాడు. తర్వాత నవ్వాడు.

"ఇన్న."

"ఏం చేప?"

"కొర్రమట్టే. ఇంకేంది?"

ఆ రోజు నుంచి అదే పని. బుదవ్వ వెదురుకు పోయినప్పుడల్లా గుట్ట మీద గులకరాళ్లు ఏరి కొంగున కట్టుకొచ్చేది. పొద్దు వాలినప్పుడు మూడు రాళ్లు విసిరేది. ఒకటి దగ్గరికి, ఒకటి నడిమికి, ఒకటి దూరానికి. "ఇన్నవా?" అని అడిగేది. "ఇన్న" అనేవాడు. కొర్రమట్ట అనేవాడు, జెల్ల అనేవాడు, నవ్వేవాడు. బర్రెల్ని తోలుకుపోయేవాళ్లు అది చూసి మొదట్లో ముఖాలు ముఖాలు చూసుకుని నవ్వారు. సమ్మయ్య కూడా చూశాడు. అతనికి నవ్వు రాలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

చలికాలం పోయింది. ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు డప్పు మోగలేదు. కుంట ఈసారి అడుగుదాకా ఎండితే అక్కడ నల్లటి బురద తప్ప చేప ముల్లు కూడా లేదు. బుదవ్వ ఆ బురద వైపు చాలాసేపు చూసింది. అందులోంచి ఏ వాన వచ్చినా ఏం పుడుతుందని ఆమెకు మొదటిసారి అనిపించింది. తల్లి లేకుండా పిల్ల ఎక్కడినుంచి వస్తుంది? పిల్లల్లేని బుదవ్వకు తట్టిన మాట, ఇంటినిండా పిల్లలున్న ఊరికి తట్టలేదు.

తొలకరి పడింది. బుదవ్వ కుండ నెత్తిన పెట్టుకుంది.

"యాడికే?" అన్నాడు ఓదెలు.

"వెదురుకు."

గుట్ట ఎక్కి, గుట్ట దిగి, అవతలి ఊరి పెద్ద చెరువుకు పోయింది. అక్కడ ఒక ముసలాయన వల వేస్తున్నాడు. కొన్ని చేపపిల్లల్ని కుండలో వేయమని బతిమాలింది.

"ఇవెందుకవ్వా? కూరకు సరిపోవు" అన్నాడు.

"కూరకు కాదన్నా. చప్పుడుకు."

ఆయనకేం అర్థం కాలేదు. కానీ ఆమె ముఖం చూసి అడిగినన్ని వేశాడు.

బుదవ్వ కుండ మీద మూత గట్టిగా కట్టింది. వానలు తెరిపిచ్చి ఎండ మండిపోతోంది. గుట్ట దాటి వచ్చి కుంట దగ్గర మూత తీసేసరికి నీళ్లు వెచ్చగా ఉన్నాయి. చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. బుదవ్వ గట్టు మీద కూలబడి ఏడ్చింది. పొద్దు వాలాక కళ్లు తుడుచుకుని, మొగుణ్ని తీసుకొచ్చి మూడు రాళ్లు విసిరింది.

"ఇన్నవా?"

"ఇన్న."

రెండోసారి పోయింది. "యాడికే?" "వెదురుకు." ముసలాయన మళ్లీ వేశాడు. ఈసారి మూత కట్టకుండా తడిగుడ్డ కప్పింది. గుట్ట దిగేటప్పుడు కాలు జారింది. కుండ పగిలింది. మోకాలు చీరుకుపోయింది. ఆమె మోకాలు చూసుకోలేదు. రాళ్ల మీద ఎగిరిపడుతున్న పిల్లల్ని ఏరి తడి కొంగులో వేసుకుని కుంటుకుంటూ పరుగెత్తింది. కుంట చేరేసరికి కొంగులో కదలిక లేదు. ఆ పొద్దు కూడా మూడు రాళ్లు విసిరింది. చెయ్యి సరిగ్గా లేవక మూడూ దగ్గరే పడ్డాయి.

"ఇయ్యాల చేపలు గట్టుకే వచ్చినయేందే?" అన్నాడు ఓదెలు.

"నిన్ను చూద్దామని వచ్చినయి" అంది.

మూడోసారి పోతుంటే ఓదెలు చెయ్యి చాచి ఆమె చీర పట్టుకున్నాడు. చీరకు చేప నీళ్ల వాసన. వెదురుకు పోయినవాళ్లకు ఆ వాసన ఎందుకొస్తుంది? అడుగుదామనుకున్నాడు, అడగలేదు.

"యాడికే?"

"వెదురుకయ్యా. ఇదే ఆఖరు. ఇగ పోను."

"ఆకాశం మూసుకున్నట్టుంది. జల్ది రా."

ఆమె తిరుగు దారిలో ఉండగా వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ఎదుటి మనిషి కనబడని వాన. గుట్ట కింద మేకల్ని కాస్తున్న సమ్మయ్య ఎవరో కుంటుతూ దిగడం లీలగా చూసి ఎదురు పోయాడు.

"అత్తా! గీ వానల ఏందే ఇది? ఈ గొంగడి కప్పుకో."

"వద్దు బిడ్డా. కుండకు వాన తగలాలె. చల్లగుంటయి."

సమ్మయ్య కుండలోకి తొంగిచూశాడు. సన్నటి పిల్లలు తోకలాడిస్తున్నాయి. అతనికి అంతా అర్థమైంది. కుండ నేను మోస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. అతను గొంగడి చంకన పెట్టుకుని పక్కనే తడుస్తూ నడిచాడు. కుంట దగ్గర బుదవ్వ నడుము లోతుకు దిగి కుండ నీళ్లలో వంచింది. పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి అటు ఇటు చెదిరిపోయాయి. ఒక్కటి కూడా తేలలేదు.

ఆ పొద్దు వాన ఆగింది. వణుకుతూనే బుదవ్వ మొగుణ్ని గట్టుకు తీసుకొచ్చింది. మూడు రాళ్లు విసిరింది. "ఇన్నవా?" అంది. "ఇన్న. ఇగ ఇంటికి పోదాం, నీ చెయ్యి కాలిపోతున్నదే" అన్నాడు ఓదెలు. ఆమె ఇంటికి వచ్చి పడుకుంది. జ్వరం తగ్గలేదు. మళ్లీ లేవలేదు.

ఊరి చివర ఆమెను మట్టిచేశారు. మనుషులు పెద్దగా రాలేదు. మేదరిదాని చావుకు ఎవరొస్తారు? అల్లిన గంపలు మాత్రం ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నాయి.

పొద్దు వాలింది. ఓదెలు కర్ర పట్టుకుని, తడుముకుంటూ, ఒక్కడే గట్టుకు పోయాడు. బండ మీద కూర్చున్నాడు. చెవి అటు పెట్టాడు. దూరం నుంచి సమ్మయ్య చూశాడు. చూసి ఉండలేకపోయాడు. ఓదెలును ఈ ఒక్క పొద్దయినా చప్పుడు లేకుండా ఉంచకూడదనుకున్నాడు. పిల్లిలా వచ్చి, ఒక గులకరాయి తీసి నీళ్లలోకి విసిరాడు.

బుడుంగ్.

"ఎవల్రా అది?" అన్నాడు ఓదెలు.

సమ్మయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రాయి ఏసింది ఎవలు? నా బుది చెయ్యి గట్ల పడదు."

సమ్మయ్య అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నేనే మామా, సమ్మయ్యను. అవి రాళ్లని నీకెప్పటికెల్లి ఎరుక?"

"మొదటి రోజుకెల్లే ఎరుక. రాయికీ చేపకూ తేడా తెల్వని చెవులా నాయి? గానీ ఆమె నాకోసం చెయ్యి ఎత్తుతున్నది కదరా. రాయని చెప్తే ఆ చెయ్యి దిగుతది. అందుకే కొర్రమట్ట అన్న. దినాం అన్న."

అప్పుడు సమ్మయ్య కుండ సంగతి చెప్పాడు. గుట్ట సంగతి, వాన సంగతి, అన్నీ చెప్పాడు. ఓదెలుకు కుండ సంగతి అప్పటిదాకా తెలియదు. విని రెండు చేతులతో తల కొట్టుకున్నాడు.

"ఒక్కసారి చెప్పి ఉంటే అయిపోతుండె కదరా. బుదీ, అవి రాళ్లని నాకెరుకే, నాకు రాళ్లే చాలే అని ఒక్క మాట చెప్పి ఉంటే గుట్ట ఎక్కకపోతుండె. నా బుది బతికుంటుండె."

ఆ మాట ఇంటింటికీ పాకింది. అప్పుడు ఊరు ఏడ్చింది. ఆలస్యంగా ఏడ్చినా నిజంగానే ఏడ్చింది. సమ్మయ్య ఇంట్లోంచి తన ఊత తెచ్చి ఓదెలు ముందు కూర్చుని పుల్లలు పీకడం మొదలుపెట్టాడు. ఓదెలు మూడు వేళ్లు పెట్టి చూసి ఊఁ అనేదాకా పీకాడు. మిగతావాళ్లూ తమ ఊతలు తెచ్చారు. అన్నిటి సందులూ ఓదెలు వేళ్లతోనే కొలిచారు.

ఒక ఏడు కుంట దిగలేదు. రెండో ఏడు దిగలేదు. రోజూ పొద్దు వాలగానే ఇంటికొకరు చొప్పున వంతు వేసుకుని ఓదెలును గట్టుకు తీసుకుపోయేవాళ్లు. మూడు రాళ్లు విసిరేవాళ్లు. ఒకటి దగ్గరికి, ఒకటి నడిమికి, ఒకటి దూరానికి. దాపరికం ఏమీ లేదు. ఓదెలు "రాయి" అనేవాడు. మళ్లీ "రాయి" అనేవాడు. మళ్లీ "రాయి" అనేవాడు. లేచి ఇంటికి పోయేవాడు. నవ్వడం మాత్రం ఎవరూ చూడలేదు.

మూడో ఏడు, వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక పొద్దు సమ్మయ్య వంతు వచ్చింది. మొదటి రాయి వేశాడు. "రాయి." రెండో రాయి వేశాడు. "రాయి." మూడో రాయి వేశాడు. "రాయి" అని ఓదెలు లేవబోయాడు.

ఛట్.

ఓదెలు లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. కుంట నడుమ నీళ్లు గుండ్రంగా విచ్చుకుంటున్నాయి. ఇంకోసారి, ఛట్. తోకతో చెంప మీద కొట్టినట్టు.

ఓదెలు ముఖం నిండా నవ్వు వచ్చింది. పక్కకు తిరిగాడు. ఎప్పుడూ ఆమె కూర్చునే వైపు తిరిగాడు.

"ఇన్నవా, బుదీ?"

ఎవరూ పలకలేదు. ఓదెలు చెయ్యి ఆ పక్కన బండను తడిమింది. ఖాళీ బండ మీద అట్లాగే కాసేపు ఉండిపోయింది. ఆ తర్వాత ఎక్కువ రోజులు అతను కూడా బతకలేదు.

ఆ కుంట ఇప్పటికీ ఉంది. గాలాలవాళ్లున్నారు, పని తప్పించుకునే మగాళ్లూ ఉన్నారు. పిల్లలు ఈత కొడుతూనే ఉన్నారు. ఎండాకాలం చివర డప్పు మోగుతుంది. అందరూ ఊతలు పట్టుకుని గట్టు మీద నిలబడతారు. కొత్త ఊత అయితే పక్కవాడు మూడు వేళ్లు సందులో పెట్టి చూస్తాడు. దూరకపోతే ఆ ఊత నీళ్లలోకి పోదు.

తర్వాత డప్పు ఆపేస్తారు. ఊళ్లో మేదరి ఇంటి ఆడమనిషిని అందరికన్నా ముందు నిలబెడతారు. ఆమె మూడు గులకరాళ్లు విసురుతుంది. ఒకటి దగ్గరికి, ఒకటి నడిమికి, ఒకటి దూరానికి. విసిరి, "ఇన్నవా?" అని గట్టిగా అడుగుతుంది. చంటిపిల్లలను కూడా ఏడవనివ్వరు. నేను కథ చెబుతుంటే మీరు ఊఁ కొట్టినట్టు, కుంట కూడా ఊఁ కొట్టాలి.

చేప ఎగిరిందంటే ఊరంతా "ఇన్న" అని అరుస్తుంది. అరిచి ఒక్కసారిగా నీళ్లలోకి దిగుతుంది. పెద్ద చేప పట్టినవాణ్ని ఇప్పుడూ భుజాల మీద తిప్పుతారు. ఆ నున్నటి బండ దగ్గర మాత్రం కిందికి దించి నడిపిస్తారు.

చేప ఎగరని ఏళ్లు కూడా ఉంటాయి. అట్లాంటి ఏడు ఒకసారి నేను ఆ గట్టు మీద నిలబడి ఉన్నాను. రాళ్లు మూడూ పడ్డాయి. మునిగాయి. నీళ్లు సర్దుకున్నాయి. ఆమె అడిగింది, ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు చూసి, పొడి ఊతలు భుజాన వేసుకుని అందరూ ఇళ్లకు మళ్లారు. ఒక ముసలాయన మాత్రం పోతూ పోతూ ఆ బండ దగ్గర ఆగాడు. దాని మీద పడ్డ ఎండుటాకులు తుడిచాడు. ఇద్దరు కూర్చునేంత మేర తుడిచి వెళ్లిపోయాడు.